ఎడమవైపు రెండు మూరలు

మొదటే చెప్పేస్తున్నాను. మా బ్యాంకు గార్డు కాశయ్యకు గురి లేదని ఎవరైనా అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పదిహేడేళ్లు సైన్యంలో పనిచేసి హవల్దారుగా బయటికొచ్చిన మనిషి. ఇంట్లో గోడకి రెండు పతకాలు వేలాడుతుంటాయి, రెండూ గురికి ఇచ్చినవే. వాళ్ల ఊళ్లో కాశయ్యలు ముగ్గురున్నారు. ఒకాయన నల్ల కాశయ్య, ఒకాయన బావి కాశయ్య, మావాడు గురి కాశయ్య. అలాంటివాడికి ‘గురి లేదు, కాపలాకు పనికిరాడు’ అని కాగితం రాసిచ్చారు. ఎందుకు రాశారో, ఆ రాత ఎలా చెరిగిందో చెబుతాను. నవ్వొస్తే నవ్వుకోండి. మేం మాత్రం అప్పట్లో నవ్వలేదు.

నేను రాళ్లవాగు శాఖలో డిప్యూటీ మేనేజర్‌ని, పేరు అనంతపద్మనాభం. ఉత్తరాలు రాయడం నా వంతు, ఎందుకంటే మా మేనేజరు కమలాకరం గారు సంతకం తప్ప ఇంకేమీ రాయరు. అది కూడా రెండుసార్లు ఆలోచించి చేస్తారు.

మా శాఖలో ముప్పై ఏళ్లుగా ఒక రెండు గొట్టాల తుపాకి ఉండేది. దసరాకి బొట్టు పెట్టించుకోవడం తప్ప అది ఏ పనీ చేసి ఎరగదు. అయినా దొంగలెవరూ రాలేదు. అంతా సవ్యంగా ఉండటం చూసి హెడ్డాఫీసుకి బెంగ పట్టుకుంది. ఆధునిక భద్రత పేరుతో అన్ని శాఖల్లోనూ పాత తుపాకులు తీసేసి, ఎక్కడో ఉత్తరాదిన ఉన్న ఒక పేరుమోసిన ఫ్యాక్టరీ నుంచి రైఫిళ్లు తెప్పించమని ఆర్డరు వేసింది. జిల్లాలో అందరికన్నా ముందు మాకే వచ్చింది. మా అదృష్టం.

పెట్టెలో నాలుగు వస్తువులున్నాయి. రైఫిల్ ఒకటి. దానికి బంగారు అంచుతో నాణ్యతా ధ్రువపత్రం ఒకటి. ‘మీ ఎంపికకు అభినందనలు’ అని ఓ పుస్తకం. చాపలా చుట్టిన దళసరి కాగితం ఒకటి. ఆ కాగితం నున్నగా, మెరుస్తూ బాగుంది. మా క్యాషియరు సువర్చల దాన్ని తీసుకెళ్లి భోజనాల బల్ల మీద పరిచింది. “గోంగూర పడినా తుడిస్తే పోతుంది సార్” అని మురిసిపోయింది కూడా. దాని మీద ఎడమ చివరన పళ్లెమంత నల్లటి చుక్క ఒకటుంది. అన్నం గిన్నె పెట్టుకోవడానికి వేశారు కాబోలనుకుని, రోజూ అక్కడే పెట్టుకున్నాం.

నెల తిరక్కుండా గార్డుల వార్షిక పరీక్ష వచ్చింది. కొండ కింద పోలీసువాళ్ల ఫైరింగ్ మైదానంలో ఎనిమిది బ్యాంకుల గార్డులు వరసగా పడుకుని కాల్చాలి. మనిషికి ఐదు గుండ్లు. ఎవరి టార్గెట్‌కి వాళ్లు కనీసం మూడు తగిలించాలి. తగలకపోతే అరవై రోజుల్లో ఇంకొక అవకాశం. అప్పుడూ తగలకపోతే యూనిఫాం విప్పి ఇంటికి పోవడమే. జాబితాలో మా శాఖ ఎప్పుడూ చివరే కాబట్టి కాశయ్యకు కుడివైపు కొసన ఎనిమిదో చోటు వచ్చింది. పక్కన ఏడో చోట సహకార బ్యాంకు గార్డు వీరనారాయణ. ఆయన కళ్లద్దాలు సోడాబుడ్డి అడుగుల్లా ఉంటాయి. చేతిలో పాత తుపాకి.

కాల్చడం అయింది. కాశయ్య టార్గెట్ మీద దోమ కుట్టిన గుర్తయినా లేదు. వీరనారాయణ టార్గెట్‌కి మాత్రం ఆరు తగిలాయి. కాల్చింది ఐదు.

పరీక్ష అధికారి రత్నం గారు లెక్క రెండుసార్లు చూసుకుని, “శభాష్! ముప్పై ఏళ్ల సర్వీసులో ఇట్లాంటి గురి చూడలేదు” అని వీరనారాయణకి అక్కడికక్కడే ప్రశంసాపత్రం రాసిచ్చారు. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకుని చదువుకున్నాడు.

నేను పరిగెత్తాను. “సార్, అందులో ఐదు మావాడివి! రైఫిలే ఎడమకి లాగుతోంది.”

రత్నం గారు తన ఫారం చూపించారు. అందులో ‘లోపం: గార్డుది / ఆయుధానిది. ఒకటి కొట్టివేయండి’ అని ఉంది. “రైఫిల్‌కి ధ్రువపత్రం ఉంది. గార్డుకి ఉందా?” అన్నారు.

“మనిషికి ధ్రువపత్రం ఏమిటండీ?”

“లేదు కదా” అని, ‘ఆయుధానిది’ అన్న మాట మీద అడ్డంగా గీత గీశారు.

తిరిగొచ్చేప్పుడు బస్సులో కాశయ్య నా పక్కన కూర్చున్నాడు. “సార్, ఐదూ ఒకే చోట తగిలినాయి, సూసినారు గదా? టీ గ్లాసు బోర్లిస్తే మూసుకపోతాది ఆ బొక్క” అన్నాడు.

“చూశానయ్యా.”

“ఉద్యోగం పోతే పోనీలే సార్, ఇంత మడి ఉండాది, బతుకుతా. గురి లేదని రాసినారే, అదీ నాకు. ఊళ్లోకి యా మొహం పెట్టుకోని పోయేది?” అని కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆ క్షణాన నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే కోపమూ వచ్చింది. ఈ సంగతి తేల్చకపోతే నేను అనంతపద్మనాభాన్నే కాదనుకున్నాను.

మర్నాడు కమలాకరం గారు ఎంతో తేలిగ్గా, “రెండు మూరలు ఎడమకి పోతుంటే రెండు మూరలు కుడికి పెట్టి కాల్చవయ్యా, దీనికింత గోలెందుకు?” అన్నారు.

కాశయ్య నిబంధనల పుస్తకం తెచ్చి చూపించాడు. మైదానంలో గొట్టం తన టార్గెట్ వైపు తప్ప పక్కకి ఇసుమంత తిప్పినా అనర్హుడే. పోనీ రైఫిల్ గురి సవరిద్దామంటే దాని మర మీద ఫ్యాక్టరీ వాళ్ల లక్క సీలు ఉంది. సీలు చితికితే గ్యారంటీ పోతుంది, గార్డు మీద కేసు కూడా పెడతారు. కమలాకరం గారు పుస్తకం మూసి, “అయితే ఫ్యాక్టరీకే రాయండి, సంతకం పెడతాను” అన్నారు.

ముందు ఫోన్ చేశాను. ఒక ఆడగొంతు ఎంతో ముద్దుగా పలికింది. “రైఫిల్ పేలకపోతే ఒకటి నొక్కండి. మీరు పేల్చకుండానే పేలితే రెండు నొక్కండి. ఇప్పుడు పేలుతూ ఉంటే లైన్లోనే ఉండండి.” ఎడమకి పేలితే ఏది నొక్కాలో చెప్పలేదు. నేను లైన్లోనే ఉన్నాను. నలభై నిమిషాలు సన్నాయి వినిపించి, ‘మీ సమస్య పరిష్కరించబడింది, ధన్యవాదాలు’ అని పెట్టేశారు.

ఉత్తరం రాశాను. పన్నెండు రోజులకి జవాబొచ్చింది. దాన్ని నేను మర్చిపోలేను, మాటకి మాట చెబుతాను. ‘మీ ఫిర్యాదు సానుభూతితో పరిశీలించబడినది. గుండు గొట్టము నుండి బయలుదేరుట వరకు మాత్రమే ఫ్యాక్టరీ బాధ్యత. గుండు చేరుట వినియోగదారుని వ్యక్తిగత విషయము. కావున ప్రయోక్త యొక్క నేత్రములను, భుజమును పరీక్ష చేయించి, నివేదికలు మూడు ప్రతులలో పంపవలెను.’

కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాం. కాశయ్య గోడ మీది అక్షరాలన్నీ చదివి, అడుగున చీమ తలకాయలంత ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివాడు. అక్కడ ప్రెస్సు పేరుందని డాక్టరుకి అప్పుడే తెలిసింది. ఇక భుజానికి ఏ డాక్టరు కాగితం ఇవ్వాలో మాకు అర్థం కాలేదు. మళ్లీ రాస్తే, ‘గుర్తింపు పొందిన కొలతదారుని’ చేత కొలిపించమన్నారు. మా ఊళ్లో గుర్తింపు పొందిన కొలతదారు దర్జీ ఖాదర్‌వలీ ఒక్కడే. అతను రెండు భుజాలూ కొలిచి, రెండూ సమానమని రాసి, పొట్ట మాత్రం పోయిన పండగ కన్నా రెండంగుళాలు పెరిగిందని కింద చేర్చాడు. మూడు ప్రతులూ పంపాం.

ఈసారి ఉత్తరం రాలేదు, మనిషే వచ్చాడు. బులుసు సూర్యప్రకాశం గారు. ఫ్యాక్టరీ వారి దక్షిణ మండల వినియోగదారుల సంతృప్తి విభాగాధికారి. తెలుగువాడే కానీ చాలాకాలంగా ఫైళ్లలో కాపురం ఉండటం వల్ల మాట కూడా ఫైల్లోంచే వచ్చేది. మేం రైఫిల్ తెచ్చి ముందు పెడితే రెండడుగులు వెనక్కి జరిగారు.

“నేను సంతృప్తి విభాగం వాడిని. ఆయుధాన్ని ముట్టడం నా పరిధిలోకి రాదు. ముందు టార్గెట్ చూపించండి.”

“ఏ టార్గెట్టండీ?”

“పెట్టెలో జతపరచి పంపిన అధికారిక టార్గెట్.”

మేం ముగ్గురం మొహాలు చూసుకున్నాం. సువర్చల మెల్లిగా లేచి, భోజనాల గదిలోంచి కాగితం తెచ్చి పరిచింది. నల్ల చుక్క మీద గిన్నె అడుగు గుండ్రంగా అచ్చుపడి ఉంది.

సూర్యప్రకాశం గారి మొహం వెలిగిపోయింది. “చూశారా! ఇదండీ మా ఫ్యాక్టరీ విశిష్టత. ప్రతి బ్యాచ్‌నూ పరీక్షిస్తాం. గుండు ఎక్కడ తగిలితే టార్గెట్‌లో చుక్క అక్కడ ముద్రిస్తాం. అందువల్ల మా రైఫిళ్లు నూటికి నూరు శాతం గురి తప్పవు. నాణ్యతకి వరసగా మూడేళ్లు బహుమతి మాకే వచ్చింది. మీరు అనధికారిక టార్గెట్ మీద కాల్చారు. గ్యారంటీ రద్దయ్యే నేరమిది.”

కాశయ్య అటెన్షన్‌లో నిలబడే అడిగాడు. “సార్, మరి దొంగోణ్ణి గూడా మీరే పంపుతారా? మాకాడికి వచ్చేటోళ్లు అనధికారికం గదా.”

నేను నవ్వాపుకోలేక దగ్గాను. సూర్యప్రకాశం గారు మాత్రం నవ్వలేదు. జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నారు. “మంచి సూచన. పైకి పంపుతాను” అన్నారు.

పంపారు కూడా. అది ఫ్యాక్టరీ నుంచి మా హెడ్డాఫీసుకి వెళ్లింది, అక్కడ దానికి రెక్కలు వచ్చాయి. పది రోజులకి సర్క్యులర్ దిగింది. ‘ఆయుధ స్వభావమునకు అనుగుణముగా శాఖా పరిసరములను సవరించుట గురించి.’ దాని సారాంశం ఇది. గార్డు మామూలుగా ఎదుటికి గురిపెడితే గుండు ఎడమకి రెండు మూరల దూరంలో తగులుతుంది కాబట్టి, శాఖలో సరిగ్గా అక్కడ ఎర్ర రంగుతో గడి గీసి ‘దొంగ స్థానము’ అని మూడు భాషల్లో రాయించాలి. దొంగలు దయచేసి అందులోనే నిలబడవలెనని బోర్డు పెట్టాలి. ఖాతాదారులు ఆ గడిలోకి రాకుండా చూడటం గార్డు బాధ్యత.

గడి గీశాం. అది సరిగ్గా మా శాఖలో తిరిగే ఒకే ఒక్క ఫ్యాను కింద పడింది. పింఛను కోసం వచ్చే ఓబులమ్మ అవ్వ ఇరవై ఏళ్లుగా అక్కడే చతికిలబడుతుంది.

“అవ్వా, ఆడ కూసోవద్దు. అది దొంగల చోటు” అన్నాడు కాశయ్య.

“ఏందిరా? దొంగనాయాళ్లకు ఫ్యాను కింద, నాకు గుమ్మం కాడా? వాళ్లకేమన్నా నాకన్నా ఎక్కువ పింఛనొస్తాందా?” అని అవ్వ ఇంకొంచెం సర్దుకుని కూర్చుంది.

తర్వాత రిహార్సల్ పెట్టమన్నారు. మా అటెండరు దొంగ వేషం వేసి గడిలో నిలబడబోతే అవ్వ లేవనంది. చేసేది లేక అటెండరు అవ్వ పక్కనే ఇరుక్కుని కూర్చుని, “చేతులెత్తండి” అని కూర్చునే అరిచాడు. అప్పుడే కమలాకరం గారికి ఒక సందేహం వచ్చింది. దొంగ చదువుకోనివాడై, గడిలో కాకుండా కౌంటరు దగ్గర నిలబడితే? కాశయ్య గురిపెట్టి చూసి, “అప్పుడు గుండు మీ కుర్చీలోకొస్తాది సార్” అన్నాడు. ఆ మధ్యాహ్నమే కమలాకరం గారి కుర్చీ స్టేషనరీ గదిలోకి మారిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

నవ్వులు అలా ఉండగానే అరవై రోజుల్లో యాభై గడిచిపోయాయి. అధికారిక టార్గెట్ పెట్టనివ్వమని రత్నం గారిని బతిమాలాం. “నా మైదానంలో నా టార్గెట్లే” అన్నారు. కాశయ్య డ్యూటీకి రోజూ బట్టలు ఇస్త్రీ చేసుకుని వచ్చేవాడు, కానీ ఊరికి వెళ్లడం మానేశాడు. ఆదివారాలు కూడా శాఖ అరుగు మీదే కూర్చునేవాడు.

ఇంతలో పరీక్ష జాబితా వచ్చింది. చూస్తే, ఈ రెండు నెలల్లో మిగతా ఏడు బ్యాంకులకీ కొత్త రైఫిళ్లు వచ్చేశాయి. అవీ మా బ్యాచ్‌వే. కొత్త రైఫిళ్లతో ఎనిమిది మందికీ మళ్లీ పరీక్షట.

నేను బల్ల మీద ఎనిమిది టీ గ్లాసులు వరసగా పెట్టి ఆలోచించాను. ఎనిమిదో వాడి గుండ్లు ఏడో టార్గెట్‌కి తగులుతాయి. ఏడో వాడివి ఆరోదానికి. అలా పోయి పోయి మొదటివాడివి కొండకి తగులుతాయి. అంటే తన గుండ్లు ఏవీ తన టార్గెట్‌కి తగలకుండానే ఏడుగురూ పాసవుతారు. కుడి కొసన ఉన్నవాడి టార్గెట్ ఒక్కటే ఖాళీ. ఆ కొసన ఉన్నది కాశయ్య. కాశయ్యకి కుడివైపున ఇంకొక మనిషి, అదే బ్యాచ్ రైఫిల్‌తో ఉంటే చాలు!

అప్పుడు నేనొక పని చేశాను. అది మంచిదో చెడ్డదో మీరే తేల్చుకోండి. సూర్యప్రకాశం గారికి ఉత్తరం రాశాను. ‘ఎనిమిది బ్యాంకులు తమ రైఫిళ్లను వాడుచున్న శుభసందర్భమున, తాము ముఖ్య అతిథిగా విచ్చేసి, తొమ్మిదవ స్థానమున తమ అమృతహస్తములతో ఐదు గుండ్లు పేల్చి, కార్యక్రమమును ప్రారంభించవలసినదిగా ప్రార్థన.’ శాలువా, ఫొటో ఉంటాయని కింద చేర్చాను. ఆయుధం ముట్టడం తన పరిధిలోకి రాదన్న మనిషి, శాలువా మాట చదివి, మా బ్యాచ్‌దే ఒక ప్రదర్శన రైఫిల్ భుజాన వేసుకుని మరీ దిగారు. రత్నం గారు కూడా ఫొటోలో ఉంటారు కాబట్టి తొమ్మిదో టార్గెట్ పాతించడానికి అభ్యంతరం చెప్పలేదు. కాశయ్యకి నేను ఏమీ చెప్పలేదు.

పరీక్ష రోజు సూర్యప్రకాశం గారు శాలువా తీయకుండానే పడుకున్నారు. పాపం, నిదానంగా, సూటిగా తన టార్గెట్‌కే గురిపెట్టి ఐదూ కాల్చారు. ఆ తర్వాత గార్డులందరూ కాల్చారు.

రత్నం గారు టార్గెట్లు చూస్తూ నడిచారు. ఒకటి, పాస్. రెండు, పాస్. వీరనారాయణకి ఈసారి ఐదే తగిలినందుకు రత్నం గారు కొంచెం నొచ్చుకున్నారు. ఎనిమిదో దాని దగ్గర ఆగి, “కాశయ్యా! నాలుగు! పాసయ్యావయ్యా” అన్నారు. నేను గాల్లోకి ఎగిరినంత పని చేశాను.

కాశయ్య మాత్రం టార్గెట్ దగ్గరికి నడిచి వెళ్లి, చిల్లుల్ని వేలితో తడిమి చూశాడు.

“ఇవి నాయి కాదు సార్.”

“ఊరుకోవయ్యా!” అన్నాను పళ్లు బిగించి.

“లేదు సార్. ఇవి చెదిరిపోయి ఉండాయి. నాయి ఒకే బొక్కలో ఉంటాయి. అదిగో, వీరనారాయణన్న టార్గెట్లో ఉండాయి సూడండి. నాయి కానివి నాకు రాయొద్దు. గురి లేదని రాస్తే రాసుకోండి, అబద్ధం మాత్రం రాయొద్దు.” నిటారుగా నిలబడి చెప్పాడు.

రత్నం గారు చిల్లుల్ని చూశారు, తొమ్మిదో టార్గెట్‌ని చూశారు. అది తెల్లగా, ఉతికిన పంచెలా ఉంది. అప్పుడాయన సంచిలోంచి మెల్లిగా ఒక ఫారం తీశారు.

“సూర్యప్రకాశం గారూ, నా మైదానంలో కాల్చినవారందరికీ ఈ ఫారం నింపాలండీ. మీ టార్గెట్‌కి సున్నా. లోపం మీదా, ఆయుధానిదా? ఒకటి కొట్టేయండి.”

“అంటే... నేను సంతృప్తి విభాగం...”

“రెండే ఉన్నాయండి ఇందులో. మీకు గురి లేదని రాసి మీ ఫ్యాక్టరీకి పంపమంటారా?”

సూర్యప్రకాశం గారు ఫొటోగ్రాఫరు వైపు, ఎనిమిది మంది గార్డుల వైపు చూశారు. శాలువా సర్దుకున్నారు. “నేను కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి.లో మెడల్ తీసుకున్నానండీ. గురి లేదని నన్నెవరూ అనలేదు” అన్నారు. ఆ గొంతులో మొదటిసారి ఫైలు వినిపించలేదు, మనిషి వినిపించాడు. కలం తీసి, ‘గార్డుది’ అన్న మాట కొట్టేసి, కింద ‘ఈ బ్యాచ్ రైఫిళ్లు ఎడమకు రెండు మూరలు లాగుచున్నవి’ అని రాసి సంతకం చేశారు. రెండు నెలలుగా మూడేసి ప్రతులు పంపి మేం సాధించలేని వాక్యం, తన పరువు దాకా వచ్చేసరికి అర నిమిషంలో రాశారు.

రత్నం గారు కాశయ్య పాత ఫారం తెప్పించి, అందులోనూ గీత మార్చారు. అంతటితో ఆగక తన సొంత పోలీసు రైఫిల్ ఇచ్చి, “ఇప్పుడు కాల్చు” అన్నారు. కాశయ్య పడుకున్నాడు. ఐదు చప్పుళ్లు. టార్గెట్ నడిమధ్య ఒక్కటే చిల్లు. టీ గ్లాసు తెప్పించి బోర్లించి చూశాం. మూసుకుపోయింది.

ఆ ఫారం నకలు ఇప్పుడు కాశయ్య ఇంట్లో, పతకాల పక్కన ఫ్రేములో ఉంది. వీరనారాయణ తన ప్రశంసాపత్రం తెచ్చి, “ఇది నీదేనంట తమ్ముడూ” అని ఇవ్వబోతే కాశయ్య తీసుకోలేదు. ఆరో గుండు ఆయనదే కదా అన్నాడు.

రైఫిళ్లు మార్చారా అని అడక్కండి. నెల తర్వాత ఒక మధ్యాహ్నం సూర్యప్రకాశం గారు మా శాఖకి వచ్చారు. ఈసారి శాలువా లేదు. ఫ్యాను కింద, దొంగ స్థానంలో, ఓబులమ్మ అవ్వ పక్కన నీరసంగా కూర్చుని నా చేతికొక ఉత్తరం ఇచ్చారు. ఆయన పంపిన నివేదికకి ఆయన ఫ్యాక్టరీ ఇచ్చిన జవాబు. ‘మీ ఫిర్యాదు సానుభూతితో పరిశీలించబడినది. గుండు బయలుదేరుట వరకు మాత్రమే...’ నేను మిగతాది చదవలేదు, నాకు నోటికొచ్చు.

“భుజం కొలత మూడు ప్రతుల్లో పంపమన్నారండీ” అన్నారాయన దీనంగా. “ఇక్కడ గుర్తింపు పొందిన దర్జీ ఎవరో ఉన్నారట కదా?”

కాశయ్య లేచి టోపీ సర్దుకున్నాడు. “రండి సార్, నేను తీసుకపోతా. కుడిపక్క రెండో సందు. నేను సూపిస్తే గురి తప్పదులే” అని ఆయన సంచి అందుకుని, ఎండలోకి ముందు నడిచాడు.